ఎలుగుబంటి ముక్కు, కన్ను, చెవి, కూత: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

గత మాసమున మేము కొండ దాపుననున్న యొక గ్రామమునకు వేరుసెనగ విత్తన శుద్ధినిగూర్చి చెప్పుటకై వెళ్లితిమి. సంఘపు కార్యస్థానమున ఇరువదిమంది వరకు సభ్యులు కూడిరి. విత్తనమునకు మందు పట్టించు విధమును చేసి చూపి, ఇంకేమైన అడుగవలసియున్నదా యని మేము ప్రశ్నింపగా, వెనుక వరుసలో గోడకానుకొని కూర్చున్న నడివయస్సు రైతొకడు లేచెను. అతని యెడమ చెంప కంటి క్రిందనుండి దవడవరకు ముడుచుకొనిపోయి యుండెను. ఆ వైపు కన్ను లేదు.

"అయ్యా, పురుగుకు మందు చెప్పినారు. మరి ఎలుగ్గొడ్డుకేమన్నా మందున్నదా?" అని యతడడిగెను. కొందరు నవ్విరి. అతడు నవ్వలేదు.

రెండేండ్ల క్రిందట కాయ ఊరు దినములలో అతడు తెల్లవారుజామున చేనికి పోయెనట. ముందురాత్రి ఏదో జంతువు కాయను త్రవ్వి తినిన జాడ కనబడినది. "చప్పుడైతే అది పారిపోయి మళ్లీ రేపొస్తుంది, మెల్లగా పోయి చూద్దామని చెప్పులిప్పి చేతబట్టుకున్నానయ్యా. గట్టు వెంబడి పిల్లిలాగ నడిచినాను. పుట్ట మలుపు తిరిగితే అది నా కాళ్లకాడనే ఉన్నది. తర్వాత నాకేం తెలియదు."

ఆనాడు అతనికి మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. పురుగులను, తెగుళ్లను గూర్చి చదివినంతగా మేము ఈ జంతువును గూర్చి చదివియుండలేదు. ఇంటికి వచ్చిన పిదప శాస్త్రజ్ఞుల వ్రాతలను చదివియు, అటవీశాఖ యుద్యోగులను, గొఱ్ఱెల కాపరులను అడిగియు తెలిసికొనిన దానిని ఇచట వ్రాయుచున్నాము. కొండ దాపున సేద్యము చేయు సభ్యులు దీనిని శ్రద్ధతో చదివి, చదువురాని వారికి వినిపింతురుగాక.

మన ఎలుగుబంటి ఏ జాతిది?

లోకమున ఎలుగుబంట్లు 8 జాతులు. నల్లగానున్న వన్నియు ఒకటే జాతి కాదు. ఉత్తర అమెరికా యడవులలో నుండునది అమెరికా నల్ల ఎలుగుబంటి. హిమాలయములయందును, ఈశాన్య రాష్ట్రములయందును నుండునది ఆసియా నల్ల ఎలుగుబంటి. శ్రీకాకుళపు ఉద్దానపు తోటలు మొదలుకొని నల్లమల, శేషాచలములవరకును, అనంతపురపు రాతిగుట్టలలోను, తెలంగాణపు అడవులలోను మనము చూచునది ఈ రెంటికిని వేరైనది. దీని వెండ్రుకలు పొడవుగా చిక్కుపడియుండును. మూతి తెలుపు. ఱొమ్మున ఆంగ్లాక్షరము వి వంటి తెల్లని గుర్తుండును. ముందుకాళ్ల గోళ్లు మూడంగుళములు లేక అంతకు మించిన పొడవు. మగది 80 మొదలు 145 కిలోలవరకు, ఆడది 55 మొదలు 105 కిలోలవరకు తూగును.

1791వ సంవత్సరమున జార్జి షా అను ఇంగ్లీషు ప్రకృతిశాస్త్రజ్ఞుడు దీని గోళ్లను చూచి మోసపోయి, దక్షిణ అమెరికాలో చెట్లకు వ్రేలాడుచు మెల్లగా కదలు స్లాతు అను జంతువులలో దీనిని చేర్చెను. అది పొరపాటని తరువాతివారు గ్రహించిరి గాని, ఇంగ్లీషులో దీనికి స్లాత్ బేర్ అను పేరు నేటికిని నిలిచియున్నది. ఆ పేరునుబట్టి ఇది మందగమనము గలదని తలంపరాదు. మనుష్యునికంటె వేగముగా పరుగెత్తును, చెట్లెక్కును.

మనవారు దీనిని ఎలుగుగొడ్డు అనియు, గుడ్డెలుగు అనియు కూడ పిలుతురు. ఆ రెండవ పేరులో మన పెద్దలు కనిపెట్టిన సంగతియొకటి యున్నది. దానిని ముందు చెప్పెదము.

ముక్కు

మనము లోకమును కంటితో నెఱుగుదుము. ఎలుగుబంటి ముక్కుతో నెఱుగును. భూమిలో మూడడుగుల లోతుననున్న పురుగును సయితము ఇది వాసనచేత పట్టగలదని చెప్పుదురు. చెదలు, చీమలు దీనికి ముఖ్యాహారము. వానికి తోడు తేనె, ఇప్పపూవు, నేరేడు, మేడి, రేగు, తునికి, రేల కాయలు మొదలైనవి కాలమునుబట్టి తినును. కొండపైని ఇవి తక్కువైనపుడో, మన చేనిలోని కాయ సులభముగా దొరకునపుడో క్రిందికి దిగును. మొక్కజొన్న, వేరుసెనగ, పనస, జీడిమామిడి, వీని వాసన దీనిని దూరమునుండి పిలుచును.

ఇది చెదలు తిను విధము తెలిసికొనదగినది. పుట్టను గోళ్లతో చీల్చి, మూతిని లోపలికి దూర్చి, ముందు గట్టిగా ఊది దుమ్మును చెదరగొట్టును. దుమ్ము లోపలికి పోకుండ ముక్కు రంధ్రములను మూసికొనగలదు. పై దంతములలో నడిమి రెండును దీనికి లేవు. ఆ సందునకు పెదవులను గొట్టమువలె చాపి, చెదలను లోపలికి పీల్చును. ఊదుట, పీల్చుట, మరల ఊదుట. ఈ చప్పుడు కొలిమితిత్తి చప్పుడువలె నుండి నూరు గజములకు పైగా వినవచ్చును.

సోదరులారా, ఈ సంగతిని బాగుగ గమనింపుడు. తల పుట్టలో నున్నది. కన్నులముందు మట్టి. చెవులలో తాను చేయుచున్న చప్పుడే. గాలి మననుండి దానివైపు వీచుచుండినచో దాని ముక్కు మనలను పట్టును. గాలి దానివైపునుండి మనవైపు వీచినచో ఆ ముక్కునకును మన జాడ అందదు. ఆ సమయమున మనము చప్పుడు చేయక నడిచిపోయినచో దానికి మన రాకను తెలుపునది ఏమియు లేదు.

కన్ను, చెవి

దీని కన్నులు చిన్నవి. దూరపు వస్తువులను చక్కగా గుర్తింపలేదని దీనిని చిరకాలము గమనించినవారు చెప్పుచున్నారు. గుడ్డెలుగు అను మన పేరునకు ఇదియే యర్థము. అనగా కన్నులు లేవని కాదు, దగ్గరకు వచ్చువరకు చూడదని. ఎలుగుబంట్లన్నియు గ్రుడ్డివి యని మాత్రము అనరాదు. అమెరికా నల్ల ఎలుగుబంట్లకు రంగుల భేదము తెలియునని బేకన్, బర్గార్డ్ అను పండితులు పరీక్షించి 1976లో ప్రకటించిరి. పండిన పండును పచ్చికాయనుండి ఏర్పరచుటకు ఆ చూపు దానికి చాలును.

చెవులు పెద్దవి, పొడుగాటి వెండ్రుకలతో నిండియుండును. తినుటమాని నిలిచియున్నపుడు మనుష్యుని మాట, కర్ర చప్పుడు దానికి వినబడును. వినబడినపుడు సాధారణముగా తొలగిపోవును. ఒక్కొక్కప్పుడు వెనుకకాళ్లపై లేచి నిలుచును. దానిని చూచి మనవారు మీదికి వచ్చుచున్నదని భయపడుదురు. ఆ నిలుచుట చాలసార్లు వాసన పట్టుటకు, చూచుటకు మాత్రమే. మనము ఆరువైపున నేమున్నదో చూచుటకు గట్టెక్కునట్లే అదియు ఎత్తునుండి చూచుచున్నది.

కూతలు

మన భాషలో ఎలుగు అనగా గొంతు అను అర్థమును గలదు. ఎలుగెత్తి పిలిచెనని అందుము గదా. ఈ జంతువునకు ఆ మాట తగియేయున్నది. ఎలుగుబంట్లనుగూర్చి పెద్ద గ్రంథము వ్రాసిన గారీ బ్రౌన్ అను నతడు మన ఎలుగుబంటి 16 సందర్భములలో 25కు పైగా ధ్వనులను చేయునని లెక్కించెను. వానియన్నిటిని మనము నేర్వనక్కరలేదు. రైతునకు కావలసినవి కొన్ని యున్నవి.

మొదటిది, మీద చెప్పిన ఊదుడు, పీల్చుడు. ఇది విన్నచో ఎలుగుబంటి తినుచున్నదనియు, మనలను ఎఱుగదనియు తెలిసికొని, వచ్చిన దారినే మరలిపోవలెను. చూతమని దగ్గరకు పోరాదు.

రెండవది, "హుఫ్" అని ఒక్కసారిగా బుసకొట్టుట, పండ్లు టకటక కొట్టుట. ఇది మనలను ఎఱిగి బెదరిన గుర్తు. అమెరికా నల్ల ఎలుగుబంటి విషయమున ఈ ధ్వనులను బాగుగ పరిశీలించినవారు ఇవి కోపముకంటె భయమును తెలుపునని కనుగొనిరి. ఆ దేశపు జంతువు అట్లు బెదరించి తరచుగా చెట్టెక్కును, లేక పారిపోవును. మన దానియందు ఆ నమ్మకము పనికిరాదు. ఇది విన్నపుడు పరుగెత్తక, వీపు చూపక, మెల్లగా వెనుకకు జరుగవలెను.

మూడవది, గర్జన, మొరుగుడు, గట్టి కేక. ఇవి పోరాటమునకు సంబంధించినవి. ఇవి వినబడునప్పటికి ఆలోచించుటకు వ్యవధి యుండదు.

నాలుగవది, తేనెపెరవద్ద ఈగలు ముసరినట్లు హుమ్మను ఎడతెగని ధ్వని. విశ్రమించునపుడు తన పాదమును తానే చీకుచు ఈ ధ్వని చేయును. పగటివేళ రాతిగుట్టల సందులనుండి, గుహలనుండి ఇట్టి చప్పుడు వచ్చినచో అది తేనెపట్టని పోరాదు.

ఐదవది, పిల్లల కీచుకూత, దానికి తల్లి యిచ్చు సన్నని మూలుగు. మన దేశమున పిల్లలు చాలవరకు చలికాలమున పుట్టును. సామాన్యముగా ఒకటి లేక రెండు. పుట్టినపుడు కన్నులు తెరచియుండవు. రెండు మూడు మాసములకు గుహనుండి వెలుపలికి వచ్చి, తల్లి వీపు వెండ్రుకలను పట్టుకొని స్వారి చేయును. ఎలుగుబంట్లలో పిల్లలను ఇట్లు వీపున మోయు అలవాటు మన జాతికి ప్రత్యేకము. పిల్లలున్న తల్లి రాత్రి తిరుగు పులులకు, ఇతర ఎలుగుబంట్లకు జడిసి పగటివేళ కూడ మేతకు వచ్చుట కలదు. కావున ఎండెక్కినదిగదా యని నిర్లక్ష్యము కూడదు. పిల్ల కూత విన్నచో, పిల్లకును తల్లికిని నడుమ మనము నిలువకుండ చూచుకొనవలెను.

ఆఱవది, నొప్పి, భయముల యేడుపు. దీనిని మనలో పెద్దవారు చిన్ననాట వినియేయుందురు. ఎలుగును ఆడించువారు దాని మూతికి చిల్లుపొడిచి త్రాడు కట్టి లాగినపుడు అది కాళ్లెత్తుచు మూలిగెడిది. మనము దానిని పాటయనియు, ఆటయనియు అనుకొని చేటెడు గింజలు పెట్టితిమి. ఆ వృత్తి నేడు నిషిద్ధము. నేడు ఈ యేడుపు వినబడునది ఒరలేని నూతులనుండి. రాత్రి నూతిలో పడిన ఎలుగుబంటి తెల్లవారువరకు అరచును. అప్పుడు ఊరంతయు నూతిచుట్టు చేరక, అటవీశాఖవారికి తెలిపి దూరముగా నుండవలెను.

ధ్వనులే కాక ఇది వాసనచేత కూడ మాటాడును. చెట్ల బెరడును గోళ్లతో గీరి, ప్రక్కలను రాచి తన వాసనను విడిచిపోవును. మరియొక ఎలుగుబంటికి అది జాబువంటిది. మనకును అది జాబే. చేని గట్టుచెట్టున క్రొత్త గీట్లు, త్రవ్విన పుట్టలు, పండ్లగింజలతో నిండిన పేడ కనబడినచో ఆ త్రోవ దానిదని తెలిసికొనవలెను.

మీద పడుటకు కారణము

ఎలుగుబంటి మనుష్యుని తినుటకు మీదపడదు. అయినను ఇది చేయు గాయము సామాన్యము కాదు. మధ్యప్రదేశమున 1989 మొదలు 1994 వరకు అయిదేండ్లలో 735 మంది దీని వాత పడగా, వారిలో 48 మంది మరణించిరి. నేటి ఛత్తీసుగఢమునందలి ఉత్తర బిలాసుపూరు అటవీ విభాగమున 1998 ఏప్రిలు మొదలు 2000 డిసెంబరు లోపల 137 దాడులు జరిగి 11 మంది చనిపోయిరి. మనలో 2022 జూను మాసమున శ్రీకాకుళము జిల్లా వజ్రపుకొత్తూరు మండలమున ఒక రైతు ప్రాణము కోల్పోయెను, మరికొందరు గాయపడిరి. ఆ ఎలుగుబంటిని మత్తుమందిచ్చి పట్టిరి గాని, అదియు బ్రతుకలేదు.

తినుటకు కానిచో ఎందుకు మీదపడును? దీనికి పులితో చిరకాల వైరము. పొదలలో పులి హఠాత్తుగా ఎదురైనపుడు పరుగెత్తినచో వెనుకనుండి చిక్కును. కావున నిలిచి, అరచి, ముందుగా తానే మీదపడుట దీనికి వంశపారంపర్యముగా వచ్చిన రక్షణోపాయమని పండితుల అభిప్రాయము. రెండు మూడు బారల దూరమున తలయెత్తి చూచినపుడు అది రైతా, పులియా యని విచారింపదు. హఠాత్తుగా ఎదురుపడిన ప్రతిదియు దానికి పులియే.

కావున మన సభ్యుడు చెప్పులు విప్పి నడచుటయే ఆపదకు మూలమైనది. అది అతని మూర్ఖత కాదు. దొంగను పట్టుటకు చప్పుడు చేయకపోవలెనని మనమందరము నేర్చినదే. ఎలుగుబంటి విషయమున మాత్రము ఆ నేర్పు తలక్రిందులు.

రైతు చేయవలసినవి

1. చీకటివేళ, తెల్లవారుజామున, మునిమాపున ఒంటిగా పోరాదు. ఇద్దరు ముగ్గురు కలసి బిగ్గరగా మాటలాడుచు పోవలెను. ఒంటిగా పోక తప్పనిచో పాడుచు, దగ్గుచు, కర్రను నేలకు కొట్టుచు పోవలెను. కర్ర కొనకు ఇనుప కడియములు రెండు తగిలించినచో ప్రతి అడుగునకు చప్పుడగును. మంచి దీపము చేత నుండవలెను.

2. గట్టు మలుపులవద్ద, పొదలవద్ద, పుట్టలవద్ద, వాగుదాటుచోట కొంచెము దూరముననే నిలిచి, కేకవేసి, విని, తరువాత ముందుకు పోవలెను.

3. బహిర్భూమికి కొండవైపు పొదలలోనికి పోవు అలవాటు మానవలెను. వంగి కూర్చున్నవానికి అపాయ మెక్కువ.

4. చేనికి పోవు దారి యిరుప్రక్కల పొదలను కొట్టివేయవలెను. నూతులకు ఒరలు కట్టవలెను. పండి రాలిన పనస, జీడిమామిడి పండ్లను తోటలో కుళ్లనీయక ఏరివేయవలెను.

5. కుక్క వెంటనున్న మంచిదని కొందరందురు. కుక్క పోయి దానిని రేపి, తాను బెదరి యజమానుని కాళ్లవద్దకే పరుగెత్తివచ్చును. వెనుక ఎలుగుబంటియు వచ్చును. కావున దానిని విడిచిపెట్టరాదు.

6. మీదికి వచ్చినచో పరుగెత్తరాదు, చెట్టెక్కరాదు. కదలక నిలిచి కర్రను అడ్డముగా పెట్టవలెను. తాకి పడవేసినచో బోరగిల పండుకొని, ముఖమును నేలకు ఆనించి, రెండు చేతులను మెడవెనుక గట్టిగా పట్టుకొని, అది విడిచిపోవువరకు కదలకుండవలెను. ఇది ముఖమును, తలను మొదట పట్టును. చచ్చినట్లు పడియుండి బ్రతికిన స్నేహితుని కథ మనము బాల్యమున చదివినదే. శవమును ముట్టదను మాట నమ్మదగినది కాదు గాని, పోరాటము మానినవానిని విడిచిపోవుట మాత్రము కలదు.

7. గాయమును వెంటనే సబ్బుతో, పారు నీటితో చక్కగా కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ధనుర్వాతమునకు, పిచ్చికుక్కకాటువలన కలుగు రేబిసు వ్యాధికి సూదిమందు విషయమై వైద్యుని అడుగవలెను. పసరులు పోసి కాలము గడపరాదు. అటవీశాఖవారికి ఆ దినముననే తెలిపి, వైద్యుని పత్రమును భద్రపరచుకొన్నచో ప్రభుత్వ పరిహారమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

చేయరాని పని యొకటి కలదు. చేనిచుట్టు తీగ కట్టి అందులో విద్యుచ్ఛక్తి విడుచుట కొన్ని గ్రామములలో జరుగుచున్నది. ఎలుగుబంటి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి పట్టికలోని జంతువు, దానిని చంపుట పెద్ద నేరము. అంతకంటె ముఖ్యమేమన, తీగకు ఎలుగుబంటియని, పొరుగువాడని, నీరు కట్టుటకు పోవు మన బిడ్డయని భేదము తెలియదు.

ఇందు చాలవరకు ఒక్కడు చేయునవి కావు, సంఘము చేయదగినవి. కొండవైపు చేలు గల సభ్యులు వంతులు వేసికొని జట్టుగా కావలికి పోవచ్చును. దీపములు మొత్తముగా కొన్నచో వెల తగ్గును. ఎవరి చేనిలో క్రొత్త జాడ కనబడినను ఆ సాయంకాలమే కార్యస్థానపు పలకపై వ్రాసిన నలుగురికి తెలియును. విత్తనమునకు, ఎరువునకు కూడుచున్న మనము ప్రాణరక్షణకు కూడుట కష్టమా?

ఈ సంగతులను తీసికొని మేము మొన్న మరల ఆ గ్రామమునకు పోయి సభ్యులకు చెప్పితిమి. మచ్చగల రైతు అంతయు విని, కొంతసేపు ఊరకుండి, "అట్లయితే ఆ పొద్దు నేను చెప్పులు తొడుక్కునే పోయుంటే నా కన్ను నాకుండేదా అయ్యా?" అని యడిగెను. ఉండెడిదని నిశ్చయముగా చెప్పుట యెవరి తరమును కాదు. అది ముందే విని తొలగిపోవుటకు వీలుండెడిదని మాత్రము చెప్పితిమి. అతడు తల యూచి, ప్రక్కనున్న పదునాఱేండ్ల కుమారునివైపు తిరిగి, "విన్నావురా? రేపటినుంచి చేనికి పోయేటప్పుడు ఊరంతా వినపడేటట్టు పాడుకుంటూ పో" అనెను. ఈసారి నవ్వినవారిలో అతడును ఉండెను.

మేము బయలుదేరునప్పటికి ఆ యూరి కమ్మరి కొలిమివద్ద కర్రలకు కడియములు తగిలించుకొనుటకై నలుగురు సభ్యులు నిలిచియుండిరి. తక్కిన గ్రామముల సంఘములును కాయ ఊరుటకు ముందే ఈ పని చేయవలెనని మా మనవి.